కూత ఒకడిది, తిట్లు కోచ్‌వి

"45 పాయింట్లు చేసి ఓడిపోవడమేంటండీ బాబూ?"

పోలవరం ఏటిగట్టు మీద టీ బడ్డీ దగ్గర ఈ మాట వినబడని పొద్దు లేదు. తెలుగు టైటన్స్ ప్రొ కబడ్డీ ఫైనల్ గుమ్మం దాకా వెళ్ళి, పుణేరి పల్టన్ చేతిలో 50-45తో ఓడి వెనక్కొచ్చింది 2025 అక్టోబరు చివర్లో. మొంథా తుపాను తీరం దాటిన వారమది. తుపాను నష్టం రాసుకునేవాళ్ళు వచ్చారు, రాసుకున్నారు, వెళ్ళారు. కార్తీకం వెళ్ళింది, ధనుర్మాసం వెళ్ళింది, సంక్రాంతి ముగ్గులు కూడా చెరిగిపోయాయి. ఆ అయిదు పాయింట్ల నష్టం మాత్రం మన అభిమాని ఖాతాలో అలాగే ఉంది. దానికి పరిహారం ఎవరిస్తారో ఆయనకి తెలీదు గానీ, ఎవర్ని తిట్టాలో మాత్రం బాగా తెలుసు.

ఆట తెలియక అడుగుతున్నాడనుకుంటే పొరపాటే. మోకాలి మీద చెడుగుడు నాటి మచ్చ ఇంకా ఉంది. అడక్కపోయినా లుంగీ ఎగ్గట్టి చూపిస్తాడు.

ఆయన వాదన ఇదీ. 45 తెచ్చింది కూతకెళ్ళినవాళ్ళు. అందులో పెద్ద వాటా భరత్ హుడా ఒక్కడిదే. 50 ఇచ్చేసింది పట్టు పట్టాల్సినవాళ్ళు. బరిలో ఏడుగురుంటారు, కూతకెళ్ళేది ఒకడు. మిగతా ఆరుగురూ ఏం చేస్తున్నట్టు? చేయీ చేయీ పట్టుకుని నిలబడేది కూతకొచ్చినవాణ్ణి పట్టడానికా, వచ్చి వెళ్ళేటప్పుడు దారి చూపించడానికా?

ఈ ఫిర్యాదుకి పదేళ్ళ వయసుంది. 2014లో లీగ్ మొదలైనప్పుడు టైటన్స్ అంటే రాహుల్ చౌదరి. ఆ కుర్రాడిది ఉత్తరప్రదేశ్ అంటే ఏటిగట్టు మీద ఎవరూ ఒప్పుకునేవారు కాదు. లీగ్‌లో అందరికంటే ముందు 500 రైడ్ పాయింట్లు దాటినవాడు మనవాడు కాక ఇంకెవడవుతాడు? 2015లో జట్టు మూడో స్థానంలో నిలిచింది. 2016లో సెమీఫైనల్ ఆడింది. ఆ తర్వాత ప్లేఆఫ్స్ మొహం మళ్ళీ చూడ్డానికి తొమ్మిదేళ్ళు పట్టింది.

ఆ తొమ్మిదేళ్ళలో యాజమాన్యానికి తెలిసిన వైద్యం ఒక్కటే, వేలంలో ఒక పెద్ద రైడర్ని కొనడం. 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌ని 1.45 కోట్లకి కొన్నారు. జట్టు 11వ స్థానం. 2021లో అతన్నే 1.30 కోట్లకి అట్టేపెట్టుకున్నారు. సీజన్ మొదట్లోనే అతనికి గాయమైంది, జట్టు 12వ స్థానం. లీగ్‌లో ఉన్నవే 12 జట్లు కాబట్టి అక్కడ ఆగింది. 2023లో ఏకంగా పవన్ సెహ్రావత్‌ని తెచ్చారు. 2.605 కోట్లు, లీగ్ చరిత్రలో అప్పటిదాకా అంత ధర ఎవరూ పెట్టలేదు. రెండు కోట్ల అరవై లక్షల యాభై వేలు! "ఆ చివరి యాభై వేలు ఆపుకుని పట్టు పట్టే ఓ కార్నర్‌గాడికి మోకాళ్ళ పట్టీలు కొనిపెట్టొచ్చుగా" అని అభిమాని అప్పుడే అన్నాడు.

ఫలితాలు చూడండి. 2021-22 సీజన్‌లో 22 మ్యాచ్‌లకి ఒక్క గెలుపు. అది కూడా జైపూర్ మీద ఒక్క పాయింటు తేడాతో, 35-34. 2022లో 22 మ్యాచ్‌లకి రెండు. పవన్ వచ్చిన 2023-24లో 22 మ్యాచ్‌లకి మళ్ళీ రెండు. మూడు సీజన్లలో 66 మ్యాచ్‌లు ఆడి 5 గెలిచారు. లీగ్‌లో అతి ఖరీదైన ఆటగాడు వచ్చినా గెలుపులు పెరగలేదు, తగ్గలేదు. ఇంతటి నిలకడ మరే జట్టుకైనా ఉందేమో చెప్పమనండి.

పవన్ ఆడలేదని కాదు. ఆడాడు. అవతలి జట్టుకీ కళ్ళున్నాయి కదా! అంత డబ్బు పోసి కొన్నవాణ్ణి ఒక్కణ్ణి పట్టేస్తే పనైపోతుంది. వాడు చచ్చి బెంచీ మీద కూర్చుంటే, వాణ్ణి బతికించడానికి ఇవతల ఎవరో ఒకరు పాయింటు తేవాలి. తెచ్చేవాళ్ళే ఉంటే అసలు అన్ని కోట్లు ఎందుకు పోశారు? రెండు కూతలు ఉత్తచేతులతో తిరిగొస్తే మూడోది చావో రేవో. టైటన్స్ మూడో కూతకి లేస్తే బడ్డీ దగ్గర సగంమంది డబ్బులిచ్చేసి ఇంటిదారి పట్టేవారు.

అమెరికాలో ఒహాయోలో ఉన్న మేనల్లుడు ఫోన్లో ఓదార్చబోయాడు. "మావయ్యా, మా ఊళ్ళో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ అని ఫుట్‌బాల్ జట్టుంది. 2016లో 16 మ్యాచ్‌లకి ఒకటి గెలిచింది. 2017లో 16కి 16 ఓడింది. వాళ్ళకీ ఇదే జబ్బు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు, ఏటా వాణ్ణి మారుస్తారు, వాడి వెనకాలే కోచ్‌నీ మారుస్తారు. చివరికి 2018 జనవరిలో అభిమానులు గడ్డకట్టే చలిలో స్టేడియం చుట్టూ ఊరేగింపు తీశారు, సున్నా గెలుపులకి గుర్తుగా."

"ఓడిపోయినందుకు ఊరేగింపా?" అన్నాడు మావయ్య. కాసేపు ఆలోచించి, "బాజాలు పెట్టారా?" అని అడిగాడు.

ఇక కోచ్‌ల సంగతి. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌ని సెమీస్‌లోనే ఆపేసి ఇరాన్ స్వర్ణం పట్టుకుపోయింది. ఆ ఇరాన్ జట్టు కోచ్ గొలామ్‌రెజా మాజందరానీనే 2019లో టైటన్స్ తెచ్చుకున్నారు. ఇరాన్‌ని ఆసియా విజేతగా నిలబెట్టినాయన చేతిలో కూడా టైటన్స్ 11వ స్థానంలోనే ఉన్నారంటే, దోషం ఆయనది కాదని పోలవరంలో చాలామంది నమ్మకం. తర్వాత జగదీశ్ కుంబ్లే వచ్చారు. వెంకటేశ్ గౌడ్ వచ్చారు. శ్రీనివాస్ రెడ్డి వచ్చారు. 2024లో కృష్ణ కుమార్ హుడా వచ్చారు. ఈయన అంతకుముందు దబాంగ్ ఢిల్లీని విజేతగా చేసినాయన.

టైమవుట్‌లో కోచ్ చెప్పేది టీవీలో వినిపిస్తారు. హిందీ, అందులోనూ హర్యానా వైపు హిందీ. ఏటిగట్టు మీద దాన్ని తెలుగులోకి దించే బాధ్యత మిలిటరీలో చేసి వచ్చిన ఒకాయనది.

"ఏమంటున్నాడు?"

"తొందరపడొద్దంటున్నాడు."

రెండు నిమిషాలకి మళ్ళీ టైమవుట్.

"ఇప్పుడేమంటున్నాడు?"

"ఎందుకు తొందరపడ్డం లేదంటున్నాడు."

కోచ్‌లు మారడం, గడువులు జరగడం గురించి పోలవరం వాళ్ళకి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఊరి పేరు పెట్టుకున్న ప్రాజెక్టు ఒకటి పక్కనే ఉంది. 1940ల్లో ఆ ఆలోచన పేరు రామపాదసాగర్. అంటే ఆట మొదలవకముందే జట్టు పేరు ఒకసారి మారింది. అంజయ్యగారు ముఖ్యమంత్రిగా ఉండగా శంకుస్థాపన జరిగింది. అప్పటికి మన అభిమాని లాగు తొడుక్కుని చెడుగుడు ఆడుతున్నాడు. 2004 తర్వాత రాజశేఖరరెడ్డి హయాంలో పనులు కదిలాయి. 2014లో జాతీయ ప్రాజెక్టయింది. ఆ మధ్య ప్రతి సోమవారం పోలవరం వారమే, ముఖ్యమంత్రి సమీక్ష ఆ రోజే. 2019లో టెండర్లే రివర్స్ అయ్యాయి. ప్రభుత్వాలు మారాయి, కాంట్రాక్టర్లు మారారు. 2018కల్లా నీళ్ళన్నారు. 2021 డిసెంబరన్నారు. 2022 ఏప్రిలన్నారు. ఇప్పుడు 2027 అంటున్నారు. వచ్చే సీజన్ మనదే అనే మాట టైటన్స్ అభిమానులు కనిపెట్టారనుకుంటున్నారేమో, అది ఈ ఊరి పాత సరుకు.

అభిమాని ఇక్కడితో ఆగడు. స్పిల్‌వేకి 48 గేట్లు. అవి వేలంలో కొన్న రైడర్లు. బస్సులు వేసుకుని జనం చూడ్డానికి వస్తారు, ఫొటోలు దిగుతారు, గేట్లెత్తితే చప్పట్లు కొడతారు. మరి డయాఫ్రమ్ వాల్? అది ఏటి అడుగున భూమిలో ఉంటుంది. కింద నుంచి నీళ్ళు జారిపోకుండా పట్టుకునేది అదే. దాన్ని చూడ్డానికి ఎవరొస్తారు? దానితో ఎవడు సెల్ఫీ దిగుతాడు? వరదలొచ్చి కొట్టేసింది సరిగ్గా ఆ గోడనే. "చూశారా, ఇక్కడా దెబ్బతిన్నది డిఫెన్సే!" అని బల్ల గుద్దుతాడు. గోడ ఎందుకు దెబ్బతిందన్నదాని మీద పార్టీకో లెక్క ఉంది. ఎవరి లెక్క ఏదైనా, 2025 జనవరిలో పాతదానికి సమాంతరంగా కొత్త గోడ పని మొదలుపెట్టారు. గేట్లు బిగించాక అడుగు గోడ మళ్ళీ కట్టాల్సి వచ్చింది. టైటన్స్ యాజమాన్యం కూడా ముందు రైడర్ని కొని, ఆనక మిగిలిన చిల్లరతో కార్నర్లని వెతుకుతుంది కదా అని ఆయన పాయింటు.

ఇంకోటి కూడా ఉంది. 2025 డిసెంబరు ఆఖర్లో పోలవరం జిల్లా ఏర్పడింది. జిల్లా కేంద్రం రంపచోడవరం. పోలవరం ఊరు మాత్రం ఏలూరు జిల్లాలోనే ఉండిపోయింది. అందుకని తెలుగు టైటన్స్‌లో తెలుగువాళ్ళు ఎంతమంది అని ఇకమీదట ఈ ఊళ్ళో ఎవరూ అడక్కూడదని బడ్డీ దగ్గర తీర్మానం అయింది.

ఇక కబడ్డీకి రాకపోతే ఈ వ్యాసం గడువు కూడా 2027కి జరుగుతుంది.

అసలు చిక్కు 2024లో మొదలైంది. హుడా కోచింగ్‌లో టైటన్స్ 22లో 12 గెలిచారు. పై ఆరు జట్లకే ముందుకు దారి, మనది ఏడో స్థానం. అయినా 12 గెలుపులే! సీజన్ మధ్యలో పవన్ గాయపడి పక్కన కూర్చుంటే విజయ్ మలిక్ బండి లాగాడు. 2025 సీజన్‌కి పవన్‌ని వదిలేశారు. తమిళ్ తలైవాస్ 59.5 లక్షలకి కొనుక్కుంది. 2.605 కోట్ల మనిషి రెండేళ్ళలో 59.5 లక్షలకి వచ్చాడంటే, ధర పడింది ఆటగాడిదా, వేలంపాటలో చెయ్యెత్తేవాళ్ళ తెలివిదా అన్నది వేరే చర్చ. టైటన్స్ భరత్ హుడాని 81 లక్షలకి తెచ్చుకున్నారు, కోచ్‌ని మార్చలేదు. ఆగస్టు 29న విశాఖలో సొంత జనం ముందు తొలి మ్యాచ్. ప్రత్యర్థి తలైవాస్, అవతల పవన్. 38-35తో మనం ఓడాం. ఆ రాత్రి ఏటిగట్టు మీద కోచ్‌కి జరిగిన సన్మానం ఇక్కడ రాయడానికి వీల్లేదు.

ఆ తర్వాత ఆ జట్టే గెలవడం మొదలుపెట్టింది. ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది, పట్నాని ఇంటికి పంపింది, ఫైనల్‌కి ఒక్క మ్యాచ్ దూరంలో నిలబడింది. ఇన్నాళ్ళూ ఒక్కడి మీద ఆధారపడొద్దు, కోచ్‌ని కుదురుగా ఉండనివ్వండి అని అరిచిన మనిషి, సరిగ్గా అదే చేస్తే ఎవర్ని తిట్టాలో తెలీక నెలల తరబడి ఆ 45 పాయింట్ల దగ్గరే తిరుగుతున్నాడు. అందుకే ఆ కోపం అంతా ఇప్పుడు కార్నర్ల మీదికి మళ్ళింది.

ఆ బడ్డీ దగ్గర అప్పుడప్పుడూ మాట ఇంకోవైపు జారుతుంది. ఒకప్పుడు సంక్రాంతి పోటీలకి ఎగువ ఊళ్ళ జట్లు పడవల మీద దిగేవి. కొరుటూరు, శివగిరి, పైడిపాక, సింగన్నపల్లి. కొండల్లో తిరిగే కాళ్ళు, పట్టుకుంటే వదలని చేతులు. వాళ్ళ చేతుల్లో ఓడిపోయి, అంపైర్ని తిట్టి, వాళ్ళని తిట్టి, చీకటిపడ్డాక అదే రేవులో వాళ్ళని పడవెక్కించి పంపేవారు. ఆ ఊళ్ళు ఇప్పుడు ఏట్లోకి వెళ్ళినవీ, వెళ్ళబోయేవీ. మనుషులు పునరావాస కాలనీల్లో ఉన్నారు, కొందరు ఇక్కడ, కొందరు అక్కడ. ఏడుగురు ఒకచోట దొరికితే కదా జట్టు కట్టడానికి. మన అభిమాని మోకాలి మచ్చ కూడా ఆ ఎగువ జట్లలో ఒకడి పట్టులో వచ్చిందే. అతనిప్పుడు ఏ కాలనీలో ఉన్నాడో కనుక్కోవాలని ఏటా అనుకుంటాడు. టీవీలో జట్టుని ఇంత పట్టుదలగా తిట్టడానికి అదీ ఒక కారణమేమో. ఆయన్నడిగితే కాదంటాడు.

వచ్చే వేలంలో టైటన్స్ ఎవర్ని కొంటే బావుంటుందని మొన్నెవరో కదిపారు.

"కూత పెట్టేవాణ్ణి మాత్రం వద్దు. గట్టిగా కాళ్ళు పట్టేవాణ్ణి కొనమనండి."

"దానికి కోట్లెందుకండీ," అన్నాడు టీ కుర్రాడు, "ఎన్నికల ముందు మనూరొస్తే ఉత్తినే దొరుకుతారు."

"వాళ్ళు గెలిచాక వదిలేస్తారురా. మనకి ముప్ఫై సెకన్లైనా పట్టుకునేవాడు కావాలి" అన్నాడు అభిమాని. అలాంటివాడు లెఫ్ట్ కార్నర్లో కావాలా, రైట్ కార్నర్లోనా అన్న దగ్గర మిలిటరీ ఆయనతో పేచీ వచ్చింది. రెండో టీ చెప్పారు.