చెయ్యి పట్టని ఇంజిన్

మా రోజుల్లో స్పోర్ట్స్ కారు ఉన్నవాడి గోళ్ల కింద గ్రీజు ఉండేది. ఇంగ్లండులో ఆదివారం పొద్దున అలా వీధిలోకి వెళ్తే ఎక్కడో ఒకచోట ఎంజీబీ బానెట్ ఎత్తి ఉండేది. దాని మీదికి వంగి ఏ బడిపంతులో, బ్యాంకు గుమస్తానో పానా తిప్పుతుండేవాడు.

1962లో ఎంజీ వాళ్ల ఆబింగ్డన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండి అది. 1798 సీసీ ఇంజిన్, 95 హార్స్‌పవర్. గొప్ప వేగమేం కాదు. కానీ ఇంజిన్ మొత్తం కళ్లెదుట ఉండేది. పక్కపక్కనే రెండు ఎస్‌యూ కార్బురేటర్లు. అవి సమానంగా గాలి పీలుస్తున్నాయో లేదో తెలియాలంటే రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, ఇంకో కొస కార్బురేటర్ మూతి దగ్గర పెట్టి వినాలి. రెండు బుసలూ ఒకే శ్రుతిలోకి వచ్చేదాకా స్క్రూ సర్దాలి. చెవి ఉన్నవాడికి మీటరుతో పనిలేదు.

కష్టాలూ ఉండేవి. సీట్ల వెనక, నేల కింద, ఆరు వోల్టుల బ్యాటరీలు రెండు. తివాచీ ఎత్తి, మూత తీసి, నడుం విరిగేలా వంగితే గానీ అందవు. గేరు సాఫీగా పడేలా చేసే సింక్రోమెష్ కూడా 1967 దాకా ఫస్ట్ గేరుకు లేదు. అయినా ఇంటి ముందు చేసుకోలేని పని తక్కువ. అమెరికా నిబంధనల కోసం 1974లో నల్ల రబ్బరు బంపర్లు తగిలించి, బండిని పైకి లేపి, దాని అందాన్నీ నడకనూ చెడగొట్టినందుకు మాత్రం నాకిప్పటికీ కోపమే.

1980లో ఆబింగ్డన్ ఫ్యాక్టరీ మూతపడింది. పదిహేనేళ్లకు లాంగ్‌బ్రిడ్జ్ నుంచి ఎంజీఎఫ్ వచ్చింది. ఇంజిన్ నడిమధ్య, 118 హార్స్‌పవర్. మలుపుల్లో బీ కంటే ఎఫ్ ఎంతో నయం, కాదనను. అలెక్స్ మౌల్టన్ హైడ్రాగ్యాస్ సస్పెన్షన్ గుంతల మీద మెత్తగా పోతుంది. అయితే దాని ఒత్తిడి తగ్గితే నింపడానికి ప్రత్యేకమైన పంపు కావాలి. అది ఎవరింట్లో ఉంటుంది?

ఇంజిన్ చూద్దామంటే టాపు మడవాలి, తివాచీ లాగాలి, బోల్టులు విప్పి పలక తియ్యాలి. ఆయిలూ నీళ్లూ చూసుకోవడానికి డిక్కీలో చిన్న కిటికీ ఇచ్చారు. సొంత బండి ఇంజిన్‌ను కిటికీలోంచి చూడాలా! ఎఫ్‌లోని కె-సిరీస్ ఇంజిన్‌కేమో హెడ్ గ్యాస్కెట్ జబ్బు. రేడియేటర్ ముందు, ఇంజిన్ సీట్ల వెనక, మధ్యలో బండి కింద పొడుగాటి పైపులు. ఎక్కడో సన్నగా కారి నీళ్లు తగ్గితే అల్యూమినియం హెడ్ వేడెక్కి గ్యాస్కెట్ పోతుంది. రిపేరు బిల్లు బండి వెలను మించేసరికి ఎన్నో ఎఫ్‌లు తుక్కుకు పోయాయి. బండి చెడ్డదై కాదు, తెరిచి చూసుకునే వీల్లేక.

బీ సంగతి చూడండి. 1988లో పాత అచ్చులే వెతికిపట్టి దాని బాడీ షెల్లులు మళ్లీ కొత్తగా తయారుచెయ్యడం మొదలుపెట్టారు. తుప్పు పట్టి కూలిన బండి కూడా పాత ఇంజిన్‌తో కొత్త ఒంట్లో లేచి తిరిగింది. ఎఫ్ తయారుచేసిన ఎంజీ రోవరేమో 2005లో దివాలా తీసింది.

ఇప్పుడు ఎఫ్ కొంటున్న కుర్రాళ్లకు చెబుతున్నాను. వారానికోసారైనా, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ఆ కిటికీ తెరిచి నీళ్లు చూడండి. పైపులకు తుప్పు పట్టిందేమో బండి కిందికి దూరి చూడండి. మెకానిక్ చూస్తాడులే అని వదిలెయ్యకండి.