పోటీ పడని గౌరవం

ఎమ్మెల్యే అంబటి బ్రాహ్మణయ్య మరణంతో దివిసీమలోని అవనిగడ్డకు 2013 ఆగస్టు 21న ఉప ఎన్నిక వచ్చింది.

తెలుగుదేశం ఆయన కుమారుడు శ్రీహరిప్రసాద్‌ను నిలబెట్టింది.

కాంగ్రెస్, వైకాపా అభ్యర్థులనే పెట్టలేదు. చనిపోయినవారి కుటుంబంపై గౌరవమట!

నిజమే. రాష్ట్రాన్ని రెండు ముక్కలు చేస్తామని కాంగ్రెస్ తీర్మానించింది జూలై 30న. మూడు వారాలు తిరక్కుండా కృష్ణా జిల్లాలో ఓటడగాలంటే ఎవరికైనా ఎదుటివారిపై గౌరవం పొంగుకొస్తుంది.

పోలింగ్ మాత్రం ఆగలేదు. స్వతంత్రులు ఉన్నారు కదా! యంత్రాలొచ్చాయి, పోలీసులొచ్చారు, వేలికి సిరా వచ్చింది. అసలు ప్రత్యర్థి ఒక్కడే రాలేదు.

మెజారిటీ 61 వేలకు పైనే. ఎదురుగా జట్టే లేని కబడ్డీలో కూత ఎంతసేపైనా పెట్టొచ్చు.

తొమ్మిది నెలలు నిండకుండానే 2014 సాధారణ ఎన్నికలు. అన్ని వేల మెజారిటీకి బహుమతిగా టికెట్ ఇచ్చారు. కాకపోతే వేరొకరికి!

ఎవరికి? 2009లో ఇదే బ్రాహ్మణయ్య చేతిలో ఓడిన కాంగ్రెస్ నేత మండలి బుద్ధప్రసాద్‌కు. ఆయన సైకిలెక్కారు, గెలిచారు, ఉపసభాపతి అయ్యారు.

కుటుంబంపై గౌరవం ఉప ఎన్నిక వరకేనన్నమాట. ఆ షరతు ఎవరూ ముందు చెప్పలేదు.

2019లో సైకిల్ పంక్చరైంది. 2024లో ఆయనే గాజు గ్లాసుతో వచ్చి అక్కడే మళ్లీ గెలిచారు.

దివిసీమ ఓటరు మహాశయా! తమరు మాత్రం ఊరు మారకుండా ఉన్నారు. ఈసారి బూత్‌కు వెళ్లేముందు, ఎవరు ఏ గుర్తుపై ఉన్నారో ఆ ఉదయమే ఒకసారి కనుక్కోండి.