నా ప్రాణం వైరు చివర ఉంది

నేను హెడ్‌ఫోన్‌ను. పదిహేను వందల రూపాయలకు దొరికే రకాన్ని. చెవులను మూసే రెండు కప్పులు, తలమీదుగా పోయే పట్టీ, మీటరు పైచిలుకు వైరు, దాని చివర 3.5 మిల్లీమీటర్ల పిన్ను: ఇదీ నా ఒళ్లు. కొనడానికి వచ్చినవాళ్లు నా గురించి మొదట అడిగేది ఒక్కటే, "సౌండ్ ఎలా ఉంది?" అడగవలసిన ప్రశ్నే, కానీ మొదట అడగవలసింది అది కాదు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఎక్కడో చిలకలో దాగి ఉంటుంది. అలాగే నా ప్రాణం కూడా అందరూ వెతికే చోట ఉండదు. వైరు పిన్నులోకి దూరే అంగుళం మేరలో, పట్టీ కప్పును పట్టుకునే కీలులో, చెవికి ఆనే మెత్తలో ఉంటుంది. తక్కువ ఖర్చుతో మంచి ధ్వని పలికించడం ఇవాళ పెద్ద కష్టం కాదు. తక్కువ ఖర్చుతో నాలుగేళ్లు మన్నేలా చేయడమే కష్టం. అందుకే నన్ను తూచేటప్పుడు మన్నికను ముందు, సుఖాన్ని తర్వాత, ధ్వనిని ఆ తర్వాత చూడమంటాను. ఈ వరస తలకిందులుగా ఉందనిపిస్తే మా వంశం కథ వినండి.

1910 ప్రాంతంలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియల్ బాల్డ్విన్ అనే ఆయన తన ఇంటి వంటగదిలో హెడ్‌ఫోన్లు తయారుచేసి ఆ దేశ నౌకాదళానికి అమ్మాడు. నాలాగే తీగచుట్ట, అయస్కాంతంతో పలికే తొలి హెడ్‌ఫోన్ 1937లో జర్మనీలో బేయర్ సంస్థ చేసిన డీటీ 48. 1958లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో జాన్ కాస్ పాటలు స్టీరియోలో వినడానికి హెడ్‌ఫోన్‌ను మామూలు ఇళ్లలోకి తెచ్చాడు. అప్పటికింకా మావాళ్లు బరువైనవాళ్లే, ఖరీదైనవాళ్లే. 1979 జులై 1న సోనీ వాక్‌మన్ జపాన్ బజారులోకి వచ్చినప్పుడు దానితో వచ్చిన హెడ్‌ఫోన్ బరువు సుమారు 50 గ్రాములు. ఆనాటి మామూలు హెడ్‌ఫోన్లు 300, 400 గ్రాములు తూగేవి. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే జపాన్, అమెరికాల్లో నియోడిమియం అయస్కాంతం పుట్టింది. చిటికెన వేలి గోరంత ముక్కలోనే గట్టి శక్తి ఇమిడింది. పల్చటి ప్లాస్టిక్ పొర, దానికి అంటించిన రాగి తీగచుట్ట, వెనక ఆ అయస్కాంతం: నా గొంతంతా ఇంతే, దీన్నే డ్రైవర్ అంటారు. ఇంత చిన్న సరంజామాను లక్షల సంఖ్యలో ఒకే తీరుగా చేయడం ఫ్యాక్టరీలకు చేతనైపోయింది. ఒకప్పుడు కొద్దిమందికే అందిన గొంతు ఇప్పుడు నా ధరకే దిగివచ్చింది.

ఇది సొంత డబ్బా కాదు, కొలిచి చూసిన సంగతి. 2017లో జెరోన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల, ఇయర్‌ఫోన్ల కొలతలను వాటి ధరల పక్కన పెట్టి చూశాడు. మంద్రం నుంచి తారం దాకా ఏ స్థాయి ధ్వనిని ఎంత పలుకుతుందన్న లెక్కకూ, దుకాణంలో పెట్టిన ధరకూ పొంతన కనబడలేదు. ఆ కొలత ఒక్కటే ధ్వని కాదుగా అని ఎవరైనా అనవచ్చు, అందులో నిజముంది. వక్రీకరణ, రెండు చెవుల మధ్య సమతూకం, మెత్త చెవికి కుదిరే తీరు కూడా ధ్వనిలో భాగాలే. అయినా చెవికి ఇంపు, వెగటు అనిపించడంలో పెద్ద వాటా ఆ మొదటి కొలతదే. ఎవరి రుచి వాళ్లది కదా అన్నది ఇంకో మాట. ఆడియో పరికరాలు చేసే హర్మన్ సంస్థలో షాన్ ఆలివ్ అనే పరిశోధకుడి బృందం కెనడా, అమెరికా, జర్మనీ, చైనా శ్రోతలకు ఏది ఏ బ్రాండో తెలియకుండా వినిపించి చూసింది. బేస్ కాస్త ఎక్కువ కావాలా తక్కువ కావాలా అన్నదగ్గర తేడాలు వచ్చినా, ఎక్కువమంది సమతూకంగా పలికే ధ్వనినే మెచ్చారు. రుచుల్లో భేదం ఉన్నమాట నిజమే, కానీ ఉప్పు ఎక్కువైన కూరను ఎక్కువమంది పక్కన పెట్టినట్టే ఇక్కడా జరుగుతుంది.

కాబట్టి నా గొంతును పరీక్షించడానికి డబ్బాపై అంకెల అవసరం లేదు. "20 నుంచి 20,000 హెర్ట్జ్" అని దాదాపు ప్రతి డబ్బా మీదా ఉంటుంది. మనిషి చెవి వినగలిగే హద్దులవి. ఆ హద్దుల మధ్య ఎక్కడ ఎన్ని డెసిబెల్ల ఎత్తుపల్లాలున్నాయో చెప్పకపోతే ఆ అంకెలు చెప్పేది ఏమీ లేదు. నలభై మిల్లీమీటర్ల డ్రైవర్, యాభై మిల్లీమీటర్ల డ్రైవర్ అన్న లెక్కా అంతే. కప్పులో గాలి ఎలా కదులుతుందో, మెత్త ఎంత బిగువుగా ఆనుతుందో ఆ సైజు చెప్పలేదు. నాది 32 ఓమ్‌ల ఇంపెడెన్స్ అని రాసి ఉంటే మాత్రం చదవండి, మామూలు ఫోను నన్ను సులువుగా పలికించగలదని దాని అర్థం. మిగతాది మీకు తెలిసిన పాటలతోనే తేలుతుంది. స్టీరియోగా మార్చని పాత ఘంటసాల పాట పెట్టండి. మోనో రికార్డు గనక గొంతు సరిగ్గా తల నడిమధ్యన వినబడాలి. ఒక పక్కకు ఒరిగితే నా రెండు డ్రైవర్లు జోడు కుదరలేదన్నమాట. శ, ష, స ఎక్కువగా ఉన్న పాట వినండి. ఆ అక్షరాలు సూదుల్లా గుచ్చితే నా పైస్థాయి శృతి మించింది, మూడూ ఒకేలా మసకగా ఉంటే అది చాల్లేదు. తర్వాత ఒక కచేరీ పెట్టండి. మృదంగం ఎడమవైపు పలికిన మంద్రనాదం ఉబ్బి గాయకుడి గొంతును కప్పేస్తే, అది బలమైన బేస్ కాదు, అదుపు తప్పిన బేస్. రెండు రకాలను పోల్చేటప్పుడు రెండిటి వాల్యూమూ సమానంగా పెట్టడం మరవకండి. కొంచెం గట్టిగా పలికేదే మంచిదని చెవి పొరబడుతుంది. తక్కువ శబ్దంలో మంద్రస్థాయి చెవికి సరిగా ఆనదని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే కొలిచి చూపారు.

ఇక సుఖం. దీన్ని విలాసమనుకునేవాళ్లున్నారు గానీ, నిజానికి ధ్వనికి పునాది ఇదే. మెత్త చెవి చుట్టూ సందులేకుండా ఆనితేనే నా బేస్ నిలుస్తుంది. కళ్లజోడు కాడ దగ్గర చిన్న సందు పడినా మంద్రస్థాయి జారిపోతుంది, ఆ పరీక్షల్లో వచ్చిన మార్కులూ దానితోనే పోతాయి. అలాగని కప్పులు బిగుతుగా నొక్కితే కణతలు నొప్పిపుడతాయి, కళ్లజోడు కాడలు చర్మంలో దిగుతాయి. ఈ రెంటి మధ్య సరైన పట్టు దొరకడం మీ తల వెడల్పు మీద కూడా ఆధారపడుతుంది, కాబట్టి ఇంకొకరి మెప్పు మీకు సాక్ష్యం కాదు. దుకాణంలో రెండు నిమిషాలు పెట్టుకుంటే ఇది తేలదు. కనీసం అరగంట కావాలి, మీరు కళ్లజోడు పెట్టుకునేవారైతే దానితోనే. ఆన్‌లైన్‌లో కొనేవారికి ఆ వీలెక్కడిదని అడిగితే, వస్తువు వాపసు ఇచ్చే గడువే ఆ వీలు. ఆ రోజుల్లో నన్ను డబ్బాలో దాచకండి, రోజూ వాడి చూడండి.

సుఖానికి ఆరోగ్యంతోనూ లంకె ఉంది. వారానికి 40 గంటలు వినేవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 80 డెసిబెల్లు. మూడు డెసిబెల్లు పెరిగిన ప్రతిసారీ ఆ కాలం సగానికి పడిపోతుంది: 83కి 20 గంటలు, 86కి 10, 89కి 5. ఆర్టీసీ బస్సులో కూర్చున్న మనిషి తనకు తెలియకుండానే శబ్దం పెంచుతాడు. నా మెత్తలు సరిగ్గా ఆనితే ఇంజన్ బొంగురు మోతను పెద్దగా ఆపలేకపోయినా మాటల గోలను, హారన్ల పదునును తగ్గించగలను, అంతమేరకు వాల్యూమూ తగ్గుతుంది. వదులుగా కూర్చున్నప్పుడు నేను చేయగలిగింది లేదు, ఆ లోటు పూడ్చేది మీ చెవి నరమే.

ఇప్పుడు అసలు విషయం, మన్నిక. నేను చచ్చేది గొంతు పోయి కాదు. పొర, తీగచుట్ట ఏళ్ల తరబడి కదలగలవు. నాలో మొదట తెగేది వైరు, అదీ పిన్ను మొదట్లోనో కప్పులోకి దూరే చోటనో. జేబులో పెట్టినప్పుడల్లా వంగేది ఆ ఒక్క చోటే. లోపలి రాగిపోగులు ఒక్కొక్కటిగా తెగి, ముందు గరగర వినబడి, తర్వాత ఒక చెవి మూగబోతుంది. ఆ చోట వంపును పంచే పొడవైన మెత్తని రబ్బరు తొడుగు ఉందా, లేక వైరు నేరుగా గట్టి ప్లాస్టిక్‌లోకి దూరిందా అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది. వైరు విడదీయగలిగే రకమైతే ఇంకా మేలు, తెగినది వైరే గనక వైరునే మార్చుకోవచ్చు. రెండోది కీలు. పట్టీని పొడిగించే చోట సన్నటి ప్లాస్టిక్ ఉంటే అక్కడే చిట్లుతుంది, లోపల లోహపు రేకు ఉంటే నిలుస్తుంది. మూడోది మెత్త. తోలులా కనిపించే పాలీయూరిథేన్ పూత వేడికీ తేమకూ చెమటకూ క్రమంగా విచ్ఛిన్నమై పొలుసులుగా రాలుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్ల ఉక్కలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. మెత్త ఊడివచ్చి కొత్తది వేసుకోగలిగితే నా ఆయుష్షు పెరుగుతుంది. జిగురుతో అంటించేస్తే ఆ పొలుసులతోనే నా బతుకు ముగుస్తుంది.

వైరే బలహీనత అయితే వైరు లేనిదే కొనుక్కోవచ్చు కదా అనేది బలమైన అభ్యంతరం. 3.5 మిల్లీమీటర్ల రంధ్రం లేని ఫోన్లు చాలా వచ్చాయి. 2016లో ఐఫోన్ 7 దాన్ని తీసేసినప్పటి నుంచి ఆ దారి వెడల్పయింది. వైర్‌లెస్ హాయిని నేను కాదనను. కానీ అక్కడ బలహీనత పోలేదు, చోటు మారింది. లిథియం బ్యాటరీ కొన్ని వందల చార్జింగుల తర్వాత సత్తువ కోల్పోతుంది. చెవిలో దూరే చిన్న బడ్స్‌లో దాన్ని అంటించి మూసేస్తారు, మార్చడం చాలావరకు కుదరదు. తెగిన నా వైరును హైదరాబాద్ కోఠిలో రిపేరు తెలిసినవారు పోగులపై పూతను కాల్చి, కొత్త పిన్నుకు సాల్డర్ చేసి అతకగలరు. వైర్‌లెస్సే కావాలంటే, బ్యాటరీ అయిపోయినా వైరుతో పలికే సాకెట్ ఉన్న పెద్ద రకం తీసుకోండి.

పదిహేను వందల వస్తువుకు ఇంత విచారణ ఎందుకు, పోతే ఇంకొకటి కొంటామనేవారికి ఒక చిన్న లెక్క. ఏడాదికే పోయే ఎనిమిది వందల హెడ్‌ఫోన్‌ను నాలుగేళ్లలో నాలుగుసార్లు కొంటే 3,200 రూపాయలు. నాలుగేళ్లు మన్నే పదిహేను వందలదానికి మధ్యలో మూడు వందల మెత్తలు వేసినా 1,800. నెల జీతం లెక్క చూసుకుని కొనే ఇంటికి, చదువుకునే పిల్లలున్న ఇంటికి ఈ తేడా చిన్నది కాదు. పైగా పారేసిన ప్రతి హెడ్‌ఫోన్‌తో రాగి, అయస్కాంతం, ప్లాస్టిక్ కలిసి చెత్తలోకి పోతాయి, బాగా పలికే గొంతు కూడా వాటితోపాటే పోతుంది. అదే నాకు అన్నిటికన్నా బాధ.

చవక హెడ్‌ఫోన్లలో కీలు, వైరు, మెత్త ఎందుకు బలహీనంగా ఉంటాయో ఇప్పుడు చెప్పగలను. కొనేవాడు రెండు నిమిషాలు విని నిర్ణయిస్తాడు, ఆ రెండు నిమిషాల్లో వైరు తెగదు. తయారుచేసేవాడు కొనేవాడి చూపు పడేచోటే ఖర్చు పెడతాడు. మీరు వైరు మొదలు వంచి చూడండి, పట్టీని పదిసార్లు లాగి చూడండి, మెత్త ఊడుతుందా అని అడగండి. అందరూ అడిగిన రోజున నాలాంటి చవక వస్తువు కూడా గట్టిగా పుడుతుంది. పాట ఎలాగూ బాగానే వినిపిస్తాను. ఎన్నేళ్లు వినిపిస్తానన్నది ముందు చూసి నన్ను కొనండి.