లేని సీటుకు కట్టిన వెల

డబ్బిచ్చి వస్తువు కొనుక్కోవడం లోకరీతి. డబ్బిచ్చి, ఆ వస్తువులో ఒక్కొక్కటీ లేకుండా చేయించుకోవడమనే కొత్త రీతి మా ఇంట్లో ప్రవేశించింది. కనక ఇంగ్లండులో లీడ్స్ నగరం శివార్లలో, కౌన్సిల్ పన్ను గడువులోగా కట్టుకుంటూ, చెత్తబుట్టలు చెప్పిన రోజున చెప్పిన రంగువి బయట పెట్టుకుంటూ కాపురం చేస్తున్న గృహస్థుడిగా, నా గోడు నలుగురి ముందూ పెట్టుకుంటున్నాను. ముద్దాయి పేరు ట్రయల్స్ సైకిలు.

దీనికి సీటు ఉండదు. విరిగిపోయిందనుకునేరు, చేసినవాడే పెట్టలేదు. గేర్లు ఉండవు. మడ్‌గార్డులు, స్టాండు, క్యారియరు, గంట, ఏవీ ఉండవు. ఆఖరికి రిమ్ము కూడా పూర్తిగా ఉండదు, బరువు తగ్గాలని వరసగా చిల్లులు పొడిచి ఉంటాయి. ఇన్ని లేనిదాని ధర మాత్రం ఇన్నీ ఉన్న సైకిళ్లు తలదించుకునేంత ఉంటుంది. పోటీల్లో తొక్కే మేలురకాలు రెండు వేల పౌండ్లు దాటిపోతాయి. మమ్మల్ని చూసిపోదామని తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు గ్యారేజీలో దాన్ని చూసి, "అయ్యో, సీటు ఎవడో ఊడబీక్కుపోయినట్టున్నాడు. పోలీసులకి చెప్పారా అల్లుడుగారూ?" అన్నారు. ఆవిడ నాతో నేరుగా మాట్లాడడమే అరుదు. అంత ఘోరంగా ఉంది దాని వాలకం.

దీనిమీద ఎవరూ ఎక్కడికీ వెళ్లరు. బండరాళ్ల మీద, దుంగల మీద, పేర్చిన పెట్టెల మీద, కాలు నేలకి తగలకుండా గెంతుతూ నిలబడతారు, అదే ఆట. పాత లెక్కల ప్రకారం కాలు ఒకసారి ఆనితే ఒక తప్పు, అయిదు తప్పులైతే ఆ భాగం పోయినట్టే. పళ్లచక్రాలు ముందు పద్దెనిమిది, వెనక పదిహేను పళ్లవి. అంటే ఇరవయ్యారు అంగుళాల చక్రాలున్న పెద్ద బండిమీద కూడా పెడలు పూర్తిగా ఒక చుట్టు తిప్పితే రెండున్నర మీటర్లు ముందుకు జరుగుతాం. మా అబ్బాయిని వీధి చివర కొట్టుకి వెళ్లి కొత్తిమీర కట్ట తెమ్మంటే, వాడు తిరిగొచ్చేసరికి పప్పు చల్లారుతుంది. అందుకని వాడు నడిచే వెళతాడు. సైకిలు ఉండగా నడిచి వెళ్లే పిల్లాణ్ని చూసి మా వీధివాళ్లు ఏమనుకుంటున్నారో నేను అడగలేదు.

దీనికి మూలపురుషుడు ఎవరా అని విచారించాను. స్పెయిన్‌లో, కటలోనియాలో, పెరె పి అనే మోటార్‌సైకిలు పందేల మొనగాడు ఉండేవాడు. ఆయన కొడుకు ఒట్. మోటార్‌సైకిళ్లతో రాళ్లెక్కే ట్రయల్స్ ఆటను చిన్న సైకిలు మీదికి దింపి కొడుకు చేతికిచ్చాడు. 1986లో ప్రపంచ పోటీలే మొదలయ్యాయి, ఆ ఒట్ మళ్లీ మళ్లీ ప్రపంచ విజేత అయ్యాడు. ఒక తండ్రి గారాబం ఎన్ని దేశాల తండ్రుల జేబులకి చుట్టుకుందో చూడండి. ఇక మా ఇంటికి ఈ గాలి సోకించినవాడు వేరు. స్కాట్లండులోని స్కై దీవి కుర్రాడు డానీ మెకాస్కిల్, ఎడింబరోలో సైకిలు షాపులో మెకానిక్కుగా ఉంటూ 2009 ఏప్రిల్‌లో ఒక వీడియో పెట్టాడు. మొనదేలిన ఇనప ఊచల కంచె అంచు మీద సైకిలు తోలుకుపోయాడు. 2014లో తన దీవిలోనే కూలిన్ కొండల శిఖరాల అంచున తోలుకుపోయాడు. ఆ వీడియోలు మావాడు అన్నం తింటూ చూస్తాడు, మా ఆవిడ కళ్లు మూసుకుంటుంది, పళ్లెం ఖాళీ అవదు.

ఎంపిక దగ్గరికి వస్తాను, అసలు వ్యాజ్యం అక్కడే మొదలైంది. ఇందులో మూడు సైజులు. ఇరవై అంగుళాల చక్రాలది పొట్టిగా, అటూ ఇటూ విసరడానికి తేలిగ్గా ఉంటుంది, చిన్నపిల్లలకీ పొట్టివాళ్లకీ నప్పుతుంది. ఇరవయ్యారుది పొడుగువాళ్లకి, రాళ్లమీద నిలకడ ఎక్కువ. మధ్యలో ఇరవైనాలుగుది వీధుల్లో విన్యాసాలు చేసేవాళ్లది, మెకాస్కిల్‌కి పేరు తెచ్చింది ఆ రకమే. దానికి చాలావరకు ఒక బుల్లి సీటన్నా ఉంటుంది, డిస్కు బ్రేకులుంటాయి. కొత్తవాడికి ఏది మంచిదని నన్నడిగితే ఇరవైనాలుగే అంటాను. మనసు మారితే మామూలు సైకిలుగానైనా పనికొస్తుంది. నన్నెవరూ అడగలేదు. మావాడి ఎత్తుకి ఇరవై అంగుళాలదే సరైనదని మావాడే తీర్పు చెప్పుకున్నాడు.

సరే, సైజు ఏదైనా, పైమెట్టుకి వెళ్లిపోతున్న ఆటగాడి దగ్గర పూర్తి బండి సెకండ్‌హ్యాండులో కొనాలన్నది నా వాదన. అలాంటివాడు బ్రేకులూ ఫ్రీవీలూ ముందే మంచివి వేయించుకుని ఉంటాడు. టార్చిలైటు తీసుకెళ్లి హ్యాండిల్ గొట్టం వెనక అతుకులు, పెడళ్ల ఇరుసు కింది భాగం, బ్రేకులు బిగించే చోటు చూసుకోవాలి. అల్యూమినియం ఫ్రేము పగిలేది అక్కడే. వెంట్రుకంత గీత కనిపించినా నమస్కారం పెట్టి తిరిగొచ్చేయాలి. ఇంత విపులంగా నేను వివరిస్తుంటే మా ఆవిడ ఒక్క మాట అంది: "పుట్టినరోజుకి పిల్లాడికి పాతది కొనిస్తారా?" దాంతో వాదన ముగిసింది. ఒక షాపు నుంచి, ట్రయల్స్ సైకిలని పేరున్న, చవకరకం, తళతళలాడే కొత్తది వచ్చింది. దండ కూడా వేశారు.

దండ వాడక ముందే అప్‌గ్రేడు అనే మాట మా భోజనాల బల్ల దగ్గర వినిపించింది.

మొదటి వంతు ఫ్రీవీలుది. ఈ ఒక్కదాని విషయంలో వాడి పక్షాన న్యాయముందని నమోదు చేయండి. మామూలు ఫ్రీవీలు చుట్టుకి పద్దెనిమిది చోట్ల పట్టుకుంటుందనుకోండి, మూడు వందల అరవైని పద్దెనిమిదితో భాగిస్తే ఇరవై. అంటే పెడలు ఇరవై డిగ్రీల దాకా ఊరికే తిరిగి, అప్పుడు పట్టుకోవచ్చు. బజారుకి వెళ్లేవాడికి అది తెలియనే తెలియదు. వెనక చక్రం మీద, రాయి అంచున, గాలిలో ఊగుతూ, ఇప్పుడు గెంతాలి అని పెడలు నొక్కినవాడికి ఆ ఇరవై డిగ్రీల శూన్యంలోనే ఆట అయిపోతుంది. ట్రయల్స్ ఫ్రీవీళ్లు డెబ్బయి రెండు చోట్ల పట్టుకుంటాయి, అంటే అయిదేసి డిగ్రీలు. నూట ఎనిమిది చోట్ల పట్టుకునేవీ ఉన్నాయి. నూట ఎనిమిది అనగానే మా అత్తగారు "అష్టోత్తరం" అని చేతులు జోడించారు, నా చేతులు జేబు వైపు వెళ్లాయి. చవకది భారం పడినప్పుడు జారిపోతుంది కూడా. జారితే మోకాలు వెళ్లి హ్యాండిల్‌కి కొట్టుకుంటుంది. గొలుసు తెగినా అంతే. కనక ఫ్రీవీలు, మంచి గొలుసు, ఈ రెండూ భద్రత పద్దు కింద మంజూరయ్యాయి. ఈ రకం బండికి ఫ్రీవీలు వెనక చక్రం దగ్గర కాకుండా పెడళ్ల దగ్గర ఉంటుంది కాబట్టి, తొక్కకపోయినా చక్రం తిరిగినంతసేపూ గొలుసు తిరుగుతూనే ఉంటుంది. స్కూలు ప్యాంట్ల కుడి కాళ్లన్నీ ఎలా చిరిగాయని మా ఆవిడ నన్ను నిలదీసింది. సమాధానం గొలుసుని అడగాలి.

తరవాత బ్రేకులు. జర్మనీవాళ్ల మగురా హెచ్ఎస్33 అని ఒకటుంది, రిమ్ముని రెండు పక్కలనించీ ద్రవం ఒత్తిడితో నొక్కిపడుతుంది. ఈ ఆటలో బ్రేకు ఆగడానికి కాదు, నిలబడడానికి. ఒక్క వేలితో నొక్కితే చక్రం రాయిలో పాతుకుపోవాలి. ఇంగ్లండు వానకి నున్నటి రిమ్ము మీద అది జరగదు. అందుకని యాంగిల్ గ్రైండరు పెట్టి రిమ్ము పక్కలంతా గరుకుగా గీకుతారు. కొత్త రిమ్మునండీ! నిప్పురవ్వలు ఎగురుతుంటే నేను గుండె పట్టుకున్నాను. మా అత్తగారు మాత్రం వాకిట్లోకి వచ్చి తొంగిచూసి, "ఓస్, రోటికి కక్కు కొట్టినట్టేగా! నున్నబడ్డ రోట్లో పప్పు నలుగుతుందా?" అని మనవడికి పూర్తి మద్దతు ప్రకటించారు. ఆ రోజుతో నా పక్షంలో ఉన్న ఒక్క ఓటూ పోయింది.

ఆ గరుకు అరిగిపోతుంది. మళ్లీ గీకాలి. గీకినకొద్దీ రిమ్ము పలచబడుతుంది. పలచబడ్డాక రిమ్మే మార్చాలి. బ్రేకు పట్టుకి ఫ్రేము రెండు పక్కలకీ విచ్చుకోకుండా బూస్టరు అని గుర్రపు నాడా ఆకారంలో ఒక రేకు కూడా కావాలి. బ్రేకులో పోసే నూనె తీసేసి నీళ్లు పోసుకుంటే లీవరు తేలిగ్గా ఆడుతుందట. హమ్మయ్య, ఉచితంగా దొరికేది ఒకటి వచ్చింది అనుకున్నాను. చలికాలంలో నీళ్లు గడ్డకడతాయి కనక అందులో యాంటీఫ్రీజు కలపాలి. నా కారు కోసం కొనుక్కున్న డబ్బా ఎందుకు తేలికైందో జనవరిలో తెలిసింది.

ఆ బ్రేకు చేసే చప్పుడు గురించి పక్కింటి పెద్దాయన సాక్ష్యం చెప్పగలడు. ఒక ఆదివారం పొద్దున కంచె మీంచి తొంగి, మీ ఇంట్లో ఏదన్నా జంతువుకి ఒంట్లో బాగాలేదా అని ఎంతో మర్యాదగా అడిగాడు. ఇక్కడివాళ్ల మర్యాద ఎంత పెరిగితే మన పరిస్థితి అంత విషమించినట్టు.

టైర్ల గొడవ క్లుప్తంగా చెబుతాను. వెనకది లావుగా, గాలి తక్కువగా ఉండాలి. రాతి అంచు మీద దిగినప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి రెండు పక్కపక్క చిల్లులు పడతాయి. ప్యాచీలు వేయడం నాకు హైస్కూలు రోజులనించీ వచ్చు, ఆ మేరకి ఈ ఇంట్లో నాకింకా కొంత గౌరవం మిగిలింది.

ఇక్కడికి అవసరాలు అయిపోయాయి. కొత్తవాడికి ఇంతకు మించి అక్కర్లేదని ఆట తెలిసినవాళ్లందరూ చెబుతారు. హ్యాండిల్ కాస్త ముందుకో వెనక్కో వంచి చూసుకోవడం, లీవర్లు వేలికి అందేట్టు జరుపుకోవడం, టైర్లో గాలి రోజుకో రకంగా పెట్టి పరీక్షించుకోవడం, వీటికి పైసా ఖర్చు లేదు, ఒక్క రెంచి చాలు. ఆశ్చర్యం ఏమిటంటే మావాడి జాబితాలో ఇవి లేవు. ఉన్నవి వేరే. టైటానియం మరలు. కార్బన్ ఫోర్కు. రంగుల పెడళ్లు. స్పాంజి పట్టీలు. ఒక పెట్టె వచ్చింది, తెరిచి చూస్తే అంగుళం పొడుగు నీలం మరలు. వీటివల్ల ఏమిట్రా లాభం అన్నాను. "ఎనభై గ్రాములు తగ్గింది నాన్నా" అన్నాడు. పొద్దున వాడు తిన్న పెసరట్లలో ఒక్కటి మానేసినా అంతకన్నా ఎక్కువే తగ్గేది, పైగా పెసరట్టు మానేయడం ఉచితం. ఈ వాదన మా ఆవిడ చెవిన పడకూడదని మాత్రం తగ్గుస్వరంతో వినిపించాను.

పాలెట్ల సంగతి విడిగా ఫిర్యాదు చేయదగ్గది. గోదాముల్లో సరుకు పెట్టే చెక్కపలకలు, వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి ఎక్కుతారు. పెరట్లో నేను గోంగూర వేసుకుందామనుకున్న చోట ఇప్పుడవే ఉన్నాయి. వీటిలో నీలం రంగువి అద్దె కంపెనీల సొత్తు, ఎవరు పారేసినట్టు కనిపించినా తెచ్చుకోకూడదు. ఈ సంగతి మావాడికి నచ్చచెప్పి, తెచ్చినవాటిలో నీలంవి తిరిగి అప్పగించడానికి నా కారే వెళ్లింది.

ఇంతా అయ్యేసరికి పిల్లాడు పొడుగయ్యాడు. ఇరవయ్యారు అంగుళాలది కావాలన్నాడు. సరే, కొన్నవన్నీ దానికి బిగించుకో అన్నాను. వాడు నా వైపు జాలిగా చూశాడు. ఇరవై అంగుళాల బండికి వెనక ఇరుసు పట్టే వెడల్పు నూట పదహారు మిల్లీమీటర్లు, ఇరవయ్యారుకి నూట ముప్పయి అయిదు. హబ్బు పట్టదు, రిమ్ము పట్టదు, టైరు పట్టదు. నీలం మరలు పడతాయి.

పాతది అమ్మకానికి పెట్టాం. ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు, చేతిలో టార్చిలైటు. ఫ్రేము బోర్లించి అతుకులన్నీ చూశాడు, ఫ్రీవీలు తిప్పి చెవి పెట్టి విన్నాడు. లోకంలో ఇంకొక వివేకవంతుడున్నాడని సంతోషించేలోపే అన్నాడు: ఇందులో కంపెనీ ఇచ్చిన భాగాలేవీ లేవు, అన్నీ మార్చేసినవే, కాబట్టి ధర తగ్గించాలి అని. మార్చినవన్నీ అసలువాటికి మూడింతల ఖరీదువని బిల్లులు చూపించాను. అలా అయితే ఆ అసలువి కూడా ఇచ్చేయండి, పడుంటాయి అన్నాడు. అవి పెట్టిన అట్టపెట్టె గ్యారేజీ మూల ఉంది, అదీ పట్టుకుపోయాడు. సాయంత్రానికి ఆ మూలలో మరో రెండు పాలెట్లు వచ్చి చేరాయి.