మిల్లీమీటరు మారాజు

పెళ్ళి భోజనాల్లో కూర్చుని సాంబారుకు వంకలు పెట్టే పెద్దమనుషులు మనకు కొత్త కాదు. ఆ వంశంలో ఇప్పుడు ఓ కొత్త కొమ్మ మొలిచింది. కంప్యూటర్ యుద్ధాల ఆటలో ట్యాంకుల లెక్కలు సరిదిద్దే రకం. కాణిపాకంలో ఇతగాణ్ణి చూడాలంటే గుడి వీధిలో టెంకాయల అంగడికి పోవాల. పగలు నాయన పక్కన బేరం, రాత్రి ఆ ట్యాంకుల ఆట, 'వార్ థండర్'.

గెలుపోటములు ఇతనికి పట్టవు. తన ట్యాంకు పేలిపోతే హుషారొస్తుంది. "అంత వాలుండే కవచంలోకి ఆ గుండు ఎట్ల దూరతాది?" అని తెల్లవార్లూ మాన్యువళ్ళు తిరగేసి, ఆట చేసే కంపెనీకి తప్పుల చిట్టా పంపుతాడు. అర్జున్ ట్యాంకు బరువెంతని అడిగి చూడండి. "ఏ అర్జున్?" అంటాడు. మార్క్ 1 అయితే 58.5 టన్నులు, మార్క్ 1ఎ అయితే 68. అదే టెంకాయలు కొన్నాయనకు చిల్లరివ్వాలంటే మాత్రం "నాయనా, ఎంతియ్యాల?" అని కేకేస్తాడు.

ఇతని గుండెలో ఓ ముల్లుంది. చెన్నై పక్కన ఆవడిలో తయారయ్యే మన టి-90 భీష్మను ఆ ఆటలో బ్రిటన్ ట్యాంకుల వరసలో నిలబెట్టారు. "1947లో తెల్లోళ్ళు పోయినారు గానీ, భీష్ముడికింకా స్వాతంత్ర్యం రాలేదు" అంటాడు, కళ్ళనీళ్ళొక్కటే తక్కువ.

మొన్న అంగడి ముందర ఓ రిటైర్డ్ హవల్దార్ మామ ఆగినాడు. సర్వీసంతా టి-72 ట్యాంకు తోలిన మనిషి. మనవాడు స్టూలేసి కూర్చోబెట్టి, ఆ బండి వెనక్కి ఎంత వేగంగా పోతుందని ఆరా తీశాడు.

"నడిచే మనిషి దాటిపోతాడబ్బయా. గంటకు నాలుగు కిలోమీటర్లుంటాది."

"ఏ పుస్తకంలో ఉంది మామా?"

"పుస్తకమేంది, నేనే తోలినా గదా!"

"నువ్వు తోలింది లెక్కలోకి రాదు మామా. కాగితం కావాల."

మామకు రోషమొచ్చి గుడి గోపురం వైపు చెయ్యి చాపినాడు. "వినాయకసామి మీద ప్రమాణం!"

కాణిపాకంలో ప్రమాణం చేస్తే ఎంతటి తగువైనా తీరాల్సిందే. మనవాడు చలించలేదు. "ప్రమాణం వద్దు మామా, పేజీ నంబరు చెప్పు."

ఈ పిచ్చి ముదిరితే ప్రమాదమే. 2021లో ఇదే ఆటలో ఛాలెంజర్ 2 ట్యాంకు తప్పుగా ఉందని నిరూపించడానికి ఒకాయన బ్రిటన్ సైన్యం రహస్య పత్రాన్నే బయటపెట్టాడు. మనవాడికి అంత తెగువ లేదు. ఉన్నా, బీరువా తాళాలు వాళ్ళమ్మ దగ్గరుంటాయి.

ఒక్కచోట మాత్రం ఇతను ఆధారమడగడు. ఎప్పుడో ఓ భక్తురాలు చేయించిన వెండి కవచం స్వామికి ఇప్పుడు పట్టడం లేదనీ, స్వామి పెరుగుతున్నాడనీ ఊరంతా చెప్పుకుంటుంది. కవచాల మందం మిల్లీమీటర్లలో ఒప్పజెప్పే ఈ పండితుడు ఆ మాట వినగానే రెండు చేతులూ ఎత్తి దండం పెడతాడు. అమ్మ పక్కనే ఉంటుంది మరి.

నా తీర్పు అడిగితే, ఇట్లాంటివాడు ఊరికి ఒకడుండాల్సిందే. రోడ్డు కాంట్రాక్టరు మూడంగుళాల తారు పోశానంటే టేపు పట్టుకుని కొలవడానికి పనికొస్తాడు. ఇంటికి అల్లుడుగా మాత్రం, ఆలోచించుకోండి.