నా వెనుక కుట్టిన కాగితము

ఏప్రిలు 1వ తేది అర్ధరాత్రి నేను పుట్టితిననియు, మరుసటి మార్చి 31వ తేది అర్ధరాత్రి నా ఆయువు తీరుననియు నా మొదటి పుటలోనే అచ్చుపడి యున్నది. గతించు ముహూర్తమును నుదుట ధరించి జన్మించిన జీవి నావంటిది వేరొకటి యుండునని నేనెరుగను. గోదావరి కాలువగట్టున నున్న ఒక చిన్న పట్టణపు కబడ్డీ సంఘము నన్ను కొన్నది. సంఘ కార్యదర్శి ఇంటి వసారాలోని రేకుపెట్టెలో, పాత రసీదు పుస్తకములకును ఎన్నడో గెలిచి తెచ్చిన వెండిరంగు కప్పునకును నడుమ నా సంవత్సరము గడచినది. నేను బీమాపత్రమును. అచ్చుపుటలు పదునాలుగు, వాని వెనుక తెల్లదారముతో కుట్టిన కాగితము మరియొకటి. అందు చేతివ్రాతతో కొన్ని పేర్లున్నవి. నా పదునాలుగు పుటలలోని వాక్యములన్నియు ఏ మనుష్యుని చేరి ఆదుకొనవలెనో, ఎవని ప్రక్కనుండి పలుకక సాగిపోవలెనో నిర్ణయించునది ఆ యొక్క కాగితమే. కనుక నా కథ చాలవరకు దాని కథయే.

అది వ్రాయబడిన నాటికి నేనింకను పుట్టలేదు. అది నాకంటె పది దినములు పెద్దది. పెట్టెలోని చీకటిలో తన జన్మవృత్తాంతమును నాకు పలుమారు చెప్పినది. కార్యదర్శి ఉన్నతపాఠశాలలో డ్రిల్లు మాస్టారుగ పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడు. ఏజెంటు ఆయన శిష్యుడే. వసారాలో వాలుకుర్చీ ప్రక్కన స్టూలు వేసికొని కూర్చుండి, "ఎంతమంది మాస్టారూ?" అని అతడడిగెను.

"ఏడుగురు బరిలోకి, అయిదుగురు బయట. పన్నెండు. కోచ్‌తో కలిపి పదమూడు రాసుకోరా."

"రిఫరీలు?"

"వాళ్ళు జిల్లానుంచి వస్తారు. మన ఖాతా కాదు."

"స్కోరు రాసేవాడు?"

"కుర్చీలో కూర్చుని రాసేవాడికేమవుతుందిరా?"

మాస్టారు లోభి కాడు. ప్రీమియము తలకింత చొప్పున కట్టవలసినది. సంఘపు నిధిలోని సొమ్ము పదమూడు తలలకు మాత్రమే చాలినది. పన్నెండవ పేరు దగ్గర ఆయన కలము ఆగెను. అంతకు ముందటి యేటి జాబితాలో అచ్చట ఒక కుర్రవాని పేరుండెను. ఎడమ కార్నరులో నిలిచి కూతకు వచ్చినవాని చీలమండను ఉడుమువలె పట్టువాడని పేరుపొందినవాడే గాని, మోకాలు మెలిబడి ఆట మానుకొనెను. బరికి సున్నపుగీతలు గీయుట, మ్యాటు పరచుట, దీపములు కట్టుట అతని పనులైనవి. ఆ సాయంకాలము అతడును అక్కడనే గుంజనానుకొని నిలిచియుండెను. "నా పేరు తీసెయ్యండి మాస్టారూ, నేనెలాగూ ఆడనుగా. ఆ కొత్త కుర్రాడిది రాయండి" అని అతడే చెప్పెను. మాస్టారు అట్లే వ్రాసెను.

ఇక నా అచ్చుపుటలలో నేమున్నదో చెప్పెదను. నాలుగవ పుటలో మానవశరీరమునకు వెలకట్టిన పట్టిక యొకటి కలదు. ప్రాణము పోయినను, రెండు కన్నులుగాని రెండు కాళ్ళుగాని పోయినను బీమామొత్తము నూటికి నూరు. ఒక కన్నుగాని ఒక చేయిగాని పోయిన 50. బొటనవ్రేలు మొదలంట పోయిన 25. చూపుడువ్రేలు మూడు కణుపులును పోయిన 10. చిటికెనవ్రేలు 4, అందు కొనకణుపు మాత్రమే పోయిన 2. ఈ అంకెలను చదివి ముఖము ముడుచుకొన్నవారిని చూచితిని. దేహమును కణుపులుగ విభజించి వెలకట్టుట క్రూరమని వారి భావము. కాని వ్రేలు పోయినవాడు కంపెనీ గుమ్మమున నిలిచి, నా వ్రేలి విలువ ఇంతయని బేరమాడి నిరూపించుకొనవలసి వచ్చుటకంటె, ఆ అంకె ముందే వ్రాసియుండుట నా యెరుకలో దయతో కూడిన పనియే. ఆ పట్టికను నేను గౌరవముతోనే మోయుచున్నాను.

ఆగస్టులో నేను మొదటిమారు పెట్టెనుండి బయటికి వచ్చితిని. లారీషెడ్డులో మెకానిక్కుగ పనిచేయు ఆటగాడొకడు, కూతకు వచ్చినవానిని నడుముపట్టు పట్టబోయి భుజముమీద పడగా కాలరు ఎముక విరిగినది. విరుగుటయే గాని పోవుట కాదు గనుక పట్టిక అతనికి వర్తింపదు. అట్టివారికై వేరొక నిబంధన యున్నది. పనికి పూర్తిగ పోలేని ప్రతి వారమునకును బీమామొత్తములో నూటికి 1 వంతు. తలకు బీమామొత్తమైన రెండు లక్షలకు వారమునకు 2,000 రూపాయలు. ఎక్స్‌రేను, డాక్టరు సర్టిఫికెట్టును, నన్నును ఒకే సంచిలో పెట్టుకొని మాస్టారు బస్సెక్కెను. ఏడు వారములకు 14,000 వచ్చినవి. ఆ సొమ్ము చేతికిచ్చిననాడు ఆ మెకానిక్కు భార్య నన్ను రెండు చేతులతో నందుకొని కన్నుల కద్దుకొన్నది. ఆమె వ్రేళ్ళ పసుపు నా మొదటి పుట అంచున ఇప్పటికిని కలదు.

జట్టంతయు కలిసి వ్యానులో పోవునప్పుడు జరిగిన ప్రమాదమునకును నేను పలుకుదును. ఎవరికి వారే మోటారుసైకిలు మీద పోయినచో పలుకను. ఇంకొక మాట మాత్రము కొంత వివరముగ చెప్పవలెను. ప్రమాదమనగా బాహ్యమై, బలాత్కృతమై, కంటికి గోచరమగు కారణముచేత కలిగిన గాయమని నా నిర్వచనము. చెడుగుడు శ్వాసను బిగబట్టి యాడు ఆట. కూతమధ్యమున గుండె ఆగి బరిలోనే కూలినవాని కుటుంబమునకు, అతని పేరు జాబితాలో నున్నను, ఆ నిర్వచనము అడ్డుపడును. ఇది నా శరీరములోని లోపమే. దానిని పూరింప వేరొక బీమా కొనవలెనని ఏజెంటు చెప్పియుండవలసినది. చెప్పలేదు, మాస్టారు అడుగలేదు.

మా జాతికి గల జ్ఞాపకమంతయు ప్రమాదముల జ్ఞాపకమే. 1962 మార్చి 17న బార్బడోసు ద్వీపమున గ్రిఫిత్ విసరిన బంతి భారత క్రికెట్టు జట్టు నాయకుడు నారీ కాంట్రాక్టరు తలకు తగిలి కపాలమును చిట్లించినప్పుడు, వెస్టిండీసు జట్టు నాయకుడైన ఫ్రాంక్ వొరెల్ తన రక్తమిచ్చి అతని ప్రాణము నిలుపుటకు తోడ్పడెను. కాంట్రాక్టరు బ్రతికెను గాని టెస్టు ఆట మరల ఆడలేదు. 1998లో ఢాకాలో శిరస్త్రాణము లేక బ్యాటుకు చేరువను నిలిచి ఫీల్డింగు చేయుచుండిన రమణ్ లాంబా తలకు బంతి తగిలి మూడవనాడు కన్నుమూసెను. వీరు ఆటగాండ్రు, వీరిని ఏ జాబితాయు మరువదు. 2007లో అమెరికాలో మైక్ కూల్‌బా అను బేస్‌బాల్ శిక్షకుడు, చేత బ్యాటు లేక గీతప్రక్కన నిలిచియుండగా, బంతి మెడకు తగిలి మరణించెను. మరుసటి యేటినుండి అచ్చట నిలుచు శిక్షకులకును శిరస్త్రాణము తప్పనిసరియైనది. 2009లో వేల్సు దేశమున ఒక అంపైరు, ఫీల్డరు విసరిన బంతి తలకు తగిలి ప్రాణము విడిచెను. కుర్చీలో కూర్చుండువానికి ఏమగునని మాస్టారు అడిగిననాడు ఈ మాటలు చెప్పుటకు నేనింకను పుట్టలేదు.

ఆటతో ఏ సంబంధమును లేనివారి సంగతి నా తొమ్మిదవ పుటలోనిది. 1947 ఆగస్టు 9న మాంచెస్టరు ప్రాంతపు చీతమ్ అను చోట, తన ఇంటి గేటు దాటి వీధిలోనికి వచ్చిన ఒక వనితకు క్రికెట్టు మైదానమునుండి ఎగిరివచ్చిన బంతి తగిలినది. ఆ బంతి దాదాపు 100 గజములు పోయెను. ముప్పది యేండ్లలో బంతి ఆ కంచె దాటినది సుమారు ఆరుమారులే కనుక, అంత స్వల్పమైన అపాయమునకు జాగ్రత్త పడకపోవుట నిర్లక్ష్యము కాదని ఇంగ్లండు ప్రభువుల సభ 1951లో తీర్పు చెప్పెను. ఆమెకు తగిలిన దెబ్బ నిజము. క్లబ్బు తప్పు మాత్రము రుజువు కాలేదు. నాలోని రెండు అధ్యాయములకు గల భేదమంతయు ఇచ్చటనే యున్నది. ఆటగాండ్ర అధ్యాయము తప్పెవరిదని అడుగదు, దెబ్బ తగిలినదా, పేరున్నదా అని మాత్రమే అడుగును. ప్రేక్షకుల అధ్యాయమో, సంఘము తప్పు చేసి పరిహారమునకు బాధ్యత వహింపవలసి వచ్చిననే నోరు విప్పును. మన సూర్యాపేటలో 2021 మార్చి 22న జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల ప్రారంభమున ప్రేక్షకుల గ్యాలరీ కూలి నూరుమందికి పైగా గాయపడిరి. ఆ వార్త చదివిన నాటినుండి మాస్టారు తన పోటీలకు కర్రల గ్యాలరీ కట్టనీయలేదు. జనము నేలమీదనే కూర్చుండవలసినదని శాసించెను.

సంక్రాంతి వచ్చినది. కనుమనాటి రాత్రి ఫైనలు. సర్వీబాదులు నాటి వానికి దీపములు కట్టిరి. సంఘమునకు పనిచేయువారందరికిని ఎరుపురంగు టీషర్టులు కుట్టించిరి. వీపుమీద సంఘము పేరు తెల్లని అక్షరములతో నుండెను. ఆట ఆరంభమునకు ముందు ఈశాన్యపు దీపము వెలుగలేదు. మోకాలు చెడిన ఆ కుర్రవాడే నిచ్చెన వేసికొని ఎక్కెను. పైమెట్టున నుండగా మోకాలు పట్టుతప్పెను. అతడు మడమలమీద పడెను.

ఆ రాత్రి పండ్రెండు దాటిన తరువాత పెట్టె తెరచుకొన్నది. మాస్టారు నన్ను ఒడిలో పెట్టుకొని, ఫోను వెలుతురులో, తిన్నగ వెనుక కాగితమునకు పోయెను. పదమూడు పేర్లమీదను ఆయన వ్రేలు మెల్లగ దిగినది. పన్నెండవ పేరు దగ్గర ఆగినది. అచ్చట ఎవరి పేరున్నదో, ఎవరి పేరు లేదో తన చేతితో తానే వ్రాసినవాడు మరల క్రిందనుండి మీదికి చదివెను. ఆ వ్రేలు వణకుట నాకు తెలిసినది.

తరువాత ఒక్కొక్క పుటయే తిరుగవేసెను. ఆటగాడా? కాడు. కూలికి పెట్టుకొన్నవాడా? అయినచో చట్టమున్నది, పనిలో దెబ్బతిన్నవానికి యజమాని పరిహారమీయవలె. కాని ఈ కుర్రవాడు కూలి పుచ్చుకొన్నవాడు కాడు, రాత్రి భోజనమును ఆ ఎర్రచొక్కాయు తప్ప. ప్రేక్షకుడా? నా తొమ్మిదవ పుట బయటివారికొరకు. సంఘముపక్షమున పనిచేయువారిని అది మొదటి వాక్యమునందే తొలగించినది. మూడు తలుపులును మూసియున్నవి. జీతము లేక, కప్పు లేక, ప్రేమచేత పనిచేయువానికి మాత్రము నాలో చోటు లేకపోయెను. నేను పలుకగలిగి యుండిన ఆ రాత్రి పలికియుందును.

తెల్లవారి కోశాధికారి వచ్చెను. "మాస్టారూ, ఆడుతుంటే పడ్డాడని రాద్దాం. పాత జాబితాలో పేరుందిగా, ఎవరు చూడొచ్చారు?" అని మెల్లగ అనెను.

మాస్టారు చాలసేపు మాటాడలేదు. "ఆగస్టులో ఆ మెకానిక్కు కాగితాలు పట్టుకెళ్తే వాళ్ళు నా ముఖం చూసి నమ్మారు. రేపు ఇంకో కుర్రాడికి దెబ్బ తగిలితే ఏ ముఖం పెట్టుకు వెళ్ళను?" అనెను. పరమవిశ్వాసమే పునాదిగ నిలిచిన వ్యవహారము మాది. ఆయన పలికినది న్యాయము. అయినను ఆ న్యాయమును మోసికొని ఆయన ఆసుపత్రికి నడచిపోవుట ఎంత భారమో, సంచిలో నుండి నేనెరుగుదును. కుర్రవాని తల్లి మంచము ప్రక్కన నేలమీద కూర్చుండియుండెను. "పుస్తకంలో మా వాడి పేరు లేదా మాస్టారూ?" అని ఆమె అడిగెను. "పొద్దున్న పోతే రాత్రి దాకా అక్కడే ఉంటాడే."

ఆపరేషనుకు సొమ్ము కండువా పరచి వసూలు చేసిరి. కాలరు ఎముక విరిగిన మెకానిక్కు తన వారపు జీతమంతయు వేసెను. చాలనిది మాస్టారు తన పింఛనునుండి కట్టెను.

మార్చి చివరివారమున వసారాలో మరల స్టూలు పడినది. మాదిరికని నన్ను బల్లమీద తెరచియుంచిరి. కుర్రవాడు చంకకర్రలతో వచ్చి మెట్టుమీద కూర్చుండెను. ఈమారు పేర్లు వాడే చెప్పవలెనని మాస్టారు పిలిపించెను. బరివద్ద ఎవరెవరు పనిచేయుదురో అతనికి తెలిసినట్లు మరియెవరికిని తెలియదు. స్వచ్ఛందముగ పనిచేయువారినికూడ చేర్చుకొను పద్ధతి యున్నదని ఏజెంటు ఒప్పుకొనెను. "కాని ప్రీమియం పెరుగుతుంది మాస్టారూ."

"మనుషుల్ని తగ్గించొద్దు. తలకి రెండు లక్షలు కాకుండా లక్ష చెయ్యి" అని మాస్టారు చెప్పెను.

కుర్రవాడు చెప్పుచుండగా ఏజెంటు వ్రాయుచుండెను. ఆటగాండ్రు, కోచ్, స్కోరు వ్రాయువాడు, మైకుసెట్టువాడు, మ్యాటు మోయు నలుగురు, మంచినీళ్ళ కావిడి పట్టు ముసలాయన, గీతలకు సున్నము తడుపు పిల్లవాడు. అతనిని వేయవచ్చునా అని ఆగి, వయస్సు అడిగి, పదునెనిమిది నిండినవని తెలిసి వ్రాసిరి. ముప్పదియవ వరుస నిండినది. "అంతేనా?" అని ఏజెంటు అడిగెను. "అంతే అన్నా, ఎవరూ మిగల్లేదు" అని కుర్రవాడనెను.

మాస్టారు కాగితమును తనవైపు లాగుకొని పైనుండి క్రిందికి చదివెను. ఫారములో ముప్పది వరుసలే యుండెను. ఆయన లోపలికి పోయి స్కేలు తెచ్చి, అట్టడుగున, మార్జినులో, ఇంకొక గీత గీసెను.