పాదరసానికి పసుపు విరుగుడు

మృగశిర కార్తె ప్రవేశించిన నాడు నిజాంసాగర్ కింది ఊళ్లలో, మహమ్మద్ నగర్ నుంచి బాన్సువాడ దాకా, చేపల పులుసు ఉడకని ఇల్లు అరుదు. పులుసుతో పాటు ఒక విషవైద్య సిద్ధాంతమూ అక్కడ ఉడుకుతుంటుంది. దాని ప్రకారం చేపలోని దోషం సగం పసుపుతో, పావు ఉప్పుతో, మిగిలింది చింతపండుతో విరిగిపోతుంది. ఇక పాదరసమంటారా, అది సముద్రపు చేపల జబ్బు, ఇక్కడి మంజీర నది నీటికి అంటదు. ఇంతటి శాస్త్రానికి ఇంకా ఏ బహుమతీ రాకపోవడం అన్యాయమే.

చిక్కల్లా ఈ శాస్త్రం పాదరసానికి తెలియకపోవడమే. బొగ్గు పొగ నుంచో, కర్మాగారాల మురుగు నుంచో నీటిలో చేరిన పాదరసాన్ని, అడుగు బురదలో ప్రాణవాయువు అందని చోట బతికే సూక్ష్మజీవులు మిథైల్ పాదరసంగా, అంటే ఒంట్లో తేలిగ్గా ఇంకిపోయే రూపంలోకి, మారుస్తాయి. నాచు నుంచి పురుగుకు, పురుగు నుంచి చిరుచేపకు, దాని నుంచి పెద్ద చేపకు మెట్టు మెట్టుకూ అది చిక్కబడుతూ పోవడాన్నే జైవిక వృద్ధీకరణం అంటారు. అది కండలోని మాంసకృత్తులను పట్టుకుని ఉంటుంది కనుక కడిగితే పోదు, ఉడికితే విరగదు. వేపుడులో నీరిగిరి ముక్క తేలికయ్యాక గ్రాముకు దాని పాలు పెరుగుతుంది కూడా. తెలంగాణ రాష్ట్ర చేపగా గౌరవం పొందిన కొర్రమీను ఇతర చేపలను వేటాడి తినే జాతి కావడం సిద్ధాంతకర్తల దృష్టికి వచ్చినట్టు లేదు.

నది చేపకు భయం లేదన్న ధీమాకు కెనడా ఎప్పుడో జవాబిచ్చింది. సముద్రానికి ఎంతో దూరాన డ్రైడెన్ పట్టణపు కాగితపు మిల్లు 1962–1970 మధ్య వాబిగూన్ నదిలోకి సుమారు 9 టన్నుల పాదరసాన్ని వదిలితే, ఆ నది చేపలే తిండిగా బతికిన గ్రాసీ నారోస్ ఆదివాసులు తరాల తరబడి దాని ఫలితం అనుభవిస్తున్నారు. పటాన్‌చెరు పరిశ్రమల మురుగును నక్కవాగు మంజీరకు చేర్చడంపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. ఆ నదిపై దిగువనున్నది నిజాంసాగరే. ఇందువల్ల ఇక్కడి చేప విషమని తేలిపోదు, మంచిదనీ తేలిపోదు. తేల్చవలసింది ప్రయోగశాల, పోపు గిన్నె కాదు.

వంటింటి వాళ్లనే ఎగతాళి చేయడం మాత్రం ధర్మం కాదు, ఎందుకంటే ఈ విద్యలో ఆరితేరినవారు సూటుబూట్ల పెద్దలు. జపాన్‌లోని మినమాటాలో 1956లో చేపలు తిన్నవారిలో అంతుచిక్కని నరాల వ్యాధి బయటపడి, 1959లో కుమమోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు సేంద్రియ పాదరసాన్ని వేలెత్తి చూపాక, అక్కడి సముద్రంలోకి మురుగు వదులుతున్న చిస్సో సంస్థ అదే ఏడాది డిసెంబరులో సైక్లేటర్ అనే శుద్ధి యంత్రాన్ని ఆర్భాటంగా ప్రారంభించింది. సంస్థ అధ్యక్షుడు శుద్ధిచేసిన నీరంటూ ఒక గ్లాసు తాగి మరీ చూపించాడు. ఆ యంత్రం పాదరసాన్ని తొలగించడానికి చేసిందే కాదు, విషపు మురుగు దాని గుండా పోనూ లేదు. 1968 దాకా అది సముద్రంలో కలుస్తూనే ఉంది. పసుపు కనీసం ముక్కకు రంగైనా ఇస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణుల సంఘం 2003లో గర్భస్థ శిశువు మెదడును దృష్టిలో పెట్టుకుని, వారానికి కిలో శరీర బరువుకు 1.6 మైక్రోగ్రాముల మిథైల్ పాదరసాన్ని మించరాదని లెక్క కట్టింది. అంటే 50 కిలోల గర్భిణి, కిలోకు అర మిల్లీగ్రాము మిథైల్ పాదరసమున్న చేపను వారానికి 160 గ్రాములు తింటే హద్దు నిండినట్టే. చేప మానుకోవలసిన పని లేదు. పోషకాహారంగా దానికి సాటి తక్కువ, పైగా నాచు, సూక్ష్మజీవులు తిని పెరిగే శీలవతి, బొచ్చెల్లో ఈ పోగు సాధారణంగా తక్కువే. మహమ్మద్ నగర్ వారు ఈ కార్తెకు మత్స్యశాఖను ఒకటి అడగాలి: చేపల అంగడిలో ధరల పలక పక్కన పాదరస పరీక్ష ఫలితాన్ని కూడా వేలాడదీయమని.